షుగర్ మాత్రలు: మూడు రకాలు వాడాక

మాది పాలకొల్లు. ఇంట్లోనే జాకెట్లు కుడతాను. 2019లో షుగర్ బయటపడింది. అప్పట్నుంచి మూడు రకాల మాత్రలు వాడాను. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నాను.

మొదట మెట్‌ఫార్మిన్. లివర్ రక్తంలోకి వదిలే చక్కెరను ఇది తగ్గిస్తుంది. మొదటి రెండు వారాలూ కడుపులో తిప్పడం, విరేచనాలు. మానేద్దామనుకున్నాను. డాక్టరుగారు అన్నం తిన్నాకే వేసుకోమని, మెల్లగా కరిగే ఎస్సార్ మాత్ర రాశారు. కడుపు కుదుటపడింది. మాత్ర పెద్దదిగా ఉందని నలిపి మింగేదాన్ని. ఎస్సార్ నలపకూడదు, నమలకూడదు అని మందుల షాపు అబ్బాయి చెప్పేదాకా తెలియలేదు. ఇంకో సంగతి. అరికాళ్ళు తిమ్మిరెక్కుతుంటే మిషను తొక్కడం వల్లే అనుకున్నాను. పరీక్ష చేయిస్తే బీ12 విటమిన్ తక్కువ. ఏళ్ళ తరబడి మెట్‌ఫార్మిన్ వాడేవాళ్ళకి అలా తగ్గొచ్చట. అయినా ఈ మాత్రకి నేను ఏ వంకా పెట్టను. చవక, నమ్మకం.

రెండోది గ్లిమెపిరైడ్, టిఫినుకి ముందు. క్లోమం చేత ఎక్కువ ఇన్సులిన్ వదిలిస్తుంది. మూడు నెలల సగటు చెప్పే ఏ1సీ నాకు 8.6 నుంచి 7.2కి దిగింది. కానీ ఈ మాత్ర వేసుకుని తిండి మానకూడదు.

2022 కార్తీక సోమవారం. ఉపవాసం. పొద్దున్నే అలవాటుగా మాత్ర మింగేసి క్షీరారామం గుడికెళ్ళాను. క్యూలో గంట గడిచేసరికి ముచ్చెమటలు, చేతులు వణుకు, గాలిగోపురం మసకబారిపోయింది. వెనకాలున్న పెద్దావిడ, "ఏమ్మా, షుగరుందా నీకు?" అని అడిగి, తన సంచిలోని పంచదార పొట్లం విప్పి నా నోట్లో పోసింది. పావుగంటకి తేరుకున్నాను. ఇంటికొచ్చి చూసుకుంటే అప్పటికీ 68. డెబ్భైకి దిగువైతే ప్రమాదమే. ఆవిడెవరో తెలీదు. తర్వాత రెండు కార్తీకాలు ఆ క్యూలో వెతికాను, కనబడలేదు.

డాక్టరుగారు గ్లిమెపిరైడ్ తీసేసి సిటాగ్లిప్టిన్ రాశారు. తిన్నప్పుడు పేగుల్లో పుట్టే హార్మోన్లు తొందరగా విరిగిపోకుండా ఇది కాస్తుంది. ఆ హార్మోన్ల వల్ల రక్తంలో చక్కెర పెరిగినప్పుడే ఇన్సులిన్ ఊరుతుంది కాబట్టి, దీని ఒక్కదానితో షుగర్ పడిపోవడం అరుదు. అంతకుముందు ధర చూస్తే గుండె గుభేల్మనేది. 2022లో పేటెంట్ తీరిపోయింది. ఆ సెప్టెంబరులోనే జన ఔషధి దుకాణాల్లో 50 మిల్లీగ్రాముల మాత్రలు పది 60 రూపాయలకీ, 100వి పది 100 రూపాయలకీ పెట్టారు. నాలాంటివాళ్ళకి అది ఎంత ఊరటో మాటల్లో చెప్పలేను.

ఇప్పుడు మెట్‌ఫార్మిన్, సిటాగ్లిప్టిన్. మొన్న ఏ1సీ 6.9. సంక్రాంతికి మూడు అరిసెలు తిన్న మర్నాడు మాత్రం 240 చూపించింది. ఏ మాత్రా దాన్ని ఆపలేదు.

పక్కింటి పిన్నిగారు "నీ మాత్ర పేరు చెప్పు, నేనూ కొనుక్కుంటా" అన్నారు. చెప్పలేదు, డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. కిడ్నీలు ఎలా ఉన్నాయో చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష చూస్తే ఆవిడ కిడ్నీల పనితీరు తగ్గి ఉంది. నేను 100 మిల్లీగ్రాములు వేసుకునే సిటాగ్లిప్టిన్ ఆవిడకి 50 రాశారు.