పాప్ స్మియరా, హెచ్‌పీవీ పరీక్షా, వెనిగర్ పరీక్షా: ఏది మేలు?

"కడుపు స్కానింగ్ తీయించాం, అంతా బాగానే ఉందన్నారు" అనే మాట గుంటూరు, విజయవాడల్లో తరచూ వినపడుతుంది. గర్భాశయ ముఖద్వారంలో క్యాన్సర్‌కు ముందు వచ్చే మార్పు ఆ స్కానింగ్‌లో కనపడదు. దాన్ని పట్టే పరీక్షలు వేరు.

ఈ క్యాన్సర్‌కు దాదాపు ప్రతిసారీ మూలం కలయికతో సోకే హెచ్‌పీవీ (హ్యూమన్ పాపిలోమా) వైరస్. పది కేసుల్లో ఏడింటికి 16, 18 రకాలే కారణం. చాలామందికి ఒకటి రెండేళ్లలో అది దానంతటదే పోతుంది. ఏళ్ల తరబడి తిష్ఠ వేస్తేనే ముప్పు, అదీ మామూలుగా పదేళ్లు పైబడ్డాకే.

పాప్ స్మియర్‌లో ముఖద్వారం నుంచి బ్రష్‌తో తీసిన కణాలను మైక్రోస్కోప్ కింద చూస్తారు. కణాలు చాలినన్ని రాకపోయినా, చూసేవారి కన్ను ఏమారినా లోపం తప్పిపోతుంది. మూడేళ్లకోసారి చేయించమనేది అందుకే. ఒకసారి చేయించి మరిచిపోయేవారు దీన్ని నమ్ముకోకూడదు. నెలసరిలో వద్దు, ముందు రెండు రోజులు కలయిక, లోపల పెట్టే మందులు ఆపాలి.

హెచ్‌పీవీ పరీక్ష వైరస్‌నే వెతుకుతుంది, ఖరీదెక్కువ. 30 దాటినవారికి మా ఓటు దీనికే: నెగెటివ్ వస్తే అయిదేళ్లు ఆగొచ్చు. నమూనా తామే తీసుకునే కిట్లూ ఉన్నాయి, సిగ్గుపడి ఆస్పత్రికి రానివారికి అవి వరం. పాజిటివ్ అంటే క్యాన్సర్ కాదు. 16 లేదా 18 అయితే నేరుగా కాల్పోస్కోపీ (ముఖద్వారాన్ని పెద్దదిగా చూపే పరికరంతో చూడటం), మిగతా రకాలైతే ముందు పాప్. ఇరవైల్లో చేయిస్తే పోయే వైరస్‌కే కంగారు పడతారు.

వెనిగర్ పరీక్ష, అంటే వీఐఏలో, 3–5 శాతం ఆసిటిక్ యాసిడ్ అద్ది ఒక నిమిషం ఆగి చూస్తారు. తెల్లగా మారిన మచ్చ అనుమానం. ఫలితం అక్కడికక్కడే తెలుస్తుంది. మిర్చి యార్డు కూలి పోగొట్టుకుని రెండోసారి రాలేని మనిషికి ఖరీదైన పరీక్ష కన్నా ఇదే మేలు. ముట్లుడిగాక మాత్రం మార్పు వచ్చే భాగం లోపలికి జరిగిపోతుంది, అప్పుడు ఇది పనికిరాదు.

హెచ్‌పీవీ టీకా వీటికి బదులు కాదు. 9–14 ఏళ్ల ఆడపిల్లలకు ఆరు నెలల తేడాతో రెండు డోసులు వేస్తారు. మన దేశపు సెర్వావాక్ కూడా ఉంది. వేయించుకున్నవారూ 30 దాటాక పరీక్షకు రావాలి.

కలయిక తర్వాత గానీ, ముట్లుడిగాక గానీ రక్తం కనిపిస్తే ఈ బేరీజు అక్కర్లేదు. స్క్రీనింగ్ నెగెటివ్ వచ్చినా సరే, గైనకాలజిస్టు చూసి అవసరమైతే ముక్క తీసి బయాప్సీకి పంపాలి. గుంటూరు ప్రభుత్వాసుపత్రి (జీజీహెచ్)లో క్యాన్సర్ విభాగం ఉంది.