మిద్దె తోటలో వంగకు లింగాకర్షక బుట్ట: నాలుగు నెలల వాడకం తరువాత

మా మిద్దె మీద పది సంచుల్లో పెంచిన వంగ మొక్కలు గత ఏడాది విరగకాసినా, గుత్తి వంకాయకని కాయను నాలుగు పక్షాలుగా చీల్చిన ప్రతిసారీ సగానికి సగం పుచ్చులే తేలడంతో, ఈ వానాకాలం నారుతో పాటు రెండు లింగాకర్షక బుట్టలు కూడా కొన్నాను. నారు నాటిన మూడో వారం నుంచి నాలుగు నెలలు వాడిన మీదట ఈ సమీక్ష రాస్తున్నాను.

బుట్ట అన్నది పేరుకే గాని, చూడటానికి అది ఒక ప్లాస్టిక్ మూత, దాని కింద ఒక గరాటు, గరాటుకు తొడిగిన పొడవాటి పాలిథిన్ సంచి మాత్రమే. మూత మధ్యనున్న చిన్న గూటిలో రబ్బరు బిళ్ళ లాంటి ఎరను గుచ్చాలి. ఆడ రెక్కల పురుగు వాసనను పోలిన రసాయనాన్ని ఆ బిళ్ళకు పట్టిస్తారు; దానికి ఆకర్షితమై వచ్చిన మగ పురుగులు గరాటులోంచి జారి సంచిలో పడతాయి. మొక్కల తలల కంటే జానెడు ఎత్తున ఉండేలా వెదురు కర్రకు కట్టాను. బిగించడానికి పది నిమిషాలైనా పట్టలేదు.

చిక్కంతా ఎర దగ్గరే వచ్చింది. మొదటి పది రోజులు సంచిలో ఒక్క పురుగైనా పడకపోవడంతో అనుమానం వచ్చి పొట్లం తిరగేసి చూస్తే, చిన్న అక్షరాలతో ‘హెలికోవర్పా’ అని ఉంది. అది శనగపచ్చ పురుగుకు పెట్టే ఎర. వంగ మొవ్వును, కాయను తొలిచే పురుగుకు కావలసినది ‘ల్యూసినోడెస్’ ఎర. ఒక జాతి ఎరకు మరో జాతి పురుగు రాదు గనుక, పొట్లం కత్తిరించక ముందే ఆ పేరు చదువుకోవడం అవసరం. అమ్మినవారు మార్చి ఇచ్చారు గాని, అందుకు మరో వారం గడిచింది.

సరైన ఎర పెట్టిన మూడో ఉదయానికి సంచి అడుగున నాలుగు పురుగులు కనిపించాయి: చిటికెన వేలి గోరంత పరిమాణం, తెల్లటి రెక్కల మీద గోధుమ రంగు మచ్చలు. చూసి సంబరపడ్డాను గాని, తరువాతి వారమే ఒక మొక్క మొవ్వు తలవాల్చింది. నీళ్ళు చాలకపోతే మొక్క అంతా వాడుతుంది. ఒక్క కొమ్మ కొస మాత్రమే వాలితే అది పురుగు పనే. వాలిన చోటికి రెండంగుళాల కింద కత్తిరించి, గోటితో చీల్చితే, లోపల తన విసర్జన మధ్యన లేత గులాబి రంగు పురుగు మెదులుతూ కనిపించింది. బుట్టలో పడేవి మగవి మాత్రమే. పక్క మేడల మీది తోటల్లో జతకట్టి వచ్చిన ఆడ పురుగు మన ఆకుల మీద గుడ్లు పెట్టకుండా ఏ బుట్టా ఆపలేదు.

కనుక పది మొక్కల తోటలో దీనిని మందుగా కాక సూచికగా చూడాలన్నది నా అభిప్రాయం. సంచిలో పురుగులు ఎక్కువగా పడిన తరువాత వారం పది రోజులకు మొవ్వులు వాలడం గమనించాక, వారం వారం అలవాటుగా పిచికారీ చేయడం మాని, పురుగుల లెక్క పెరిగినప్పుడే లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కాస్త సబ్బు నీరు కలిపి సాయంత్రాలు కొట్టాను. వాలిన మొవ్వులను, చిల్లు పడిన కాయలను ఏ రోజుకారోజు కోసి, కంపోస్టులో వేయకుండా మూత బిగించిన కవరులో పారేశాను. ఈసారి పది కాయలు చీల్చితే పుచ్చులు రెండో మూడో వచ్చాయి. ఆ ఘనతలో పెద్ద వాటా కత్తెరదేనని చెప్పకపోతే అన్యాయమవుతుంది.

ఈ పురుగు అంత మొండిది కాబట్టే దాన్ని తట్టుకునేలా జన్యుమార్పిడితో బీటీ వంకాయను తయారు చేశారు. హైదరాబాదుతో సహా పలు నగరాలలో అభిప్రాయ సేకరణ జరిపాక, అప్పటి కేంద్ర మంత్రి జైరాం రమేశ్ 2010 ఫిబ్రవరిలో దాని వాణిజ్య సాగును నిలిపివేశారు.

అమ్మకపు ప్రకటనలో ‘వంగను ఆశించే అన్ని పురుగులకూ’ అని రాసిన మాట మాత్రం పచ్చి అబద్ధం. పచ్చదోమ వల్ల వ్యాపించే వెర్రి తెగులు సోకి, ఆకులు చిట్టిపొట్టిగా మారి, పూత లేక నిలిచిపోయిన రెండు మొక్కలను బుట్ట పక్కనుంచే పీకి పారేయవలసి వచ్చింది.

మూత, గరాటు గట్టివే. పాలిథిన్ సంచి మాత్రం రెండో నెలకే ఎండకు పెళుసై చిరిగింది. ఎరను నెలకొకసారి మార్చాలి కాబట్టి అసలు ఖర్చు బుట్టది కాదు, ఎరలది. మిగిలిన ఎరలను పొట్లం విప్పకుండా ఫ్రిజ్‌లో దాచాలి. మా ఇంట్లో కొత్తిమీర పక్కన వాటికి చోటు దొరకక, చివరకు స్టీలు డబ్బాలో పెట్టి పైన పేరు రాయవలసి వచ్చింది. పది మొక్కలకు రెండు బుట్టలు అనవసరం. వచ్చే పంటకు ఒక్కటే కట్టి, రెండోదాన్ని ఆరు వంగ మొక్కలున్న పక్కింటి వారికి ఇస్తున్నాను.