లాంగ్ ఐరన్లా, హైబ్రిడ్లా? కొన్నేళ్లు రెండూ ఆడాక నా అభిప్రాయం

ఇప్పుడు నా గోల్ఫ్ సంచిలో 3 ఐరన్ అనే క్లబ్బు (బంతిని కొట్టే కర్ర) లేదు. 4 ఐరన్ ఇంట్లో ఉంది, విశాఖపట్నం వెళ్లేటప్పుడు మాత్రం వెంట తీసుకెళ్తాను. మిగతా రోజుల్లో ఆ రెండింటి స్థానంలో 19, 23 డిగ్రీల లాఫ్ట్ (బంతిని తాకే ముఖం వెనక్కు వాలిన కోణం) ఉన్న హైబ్రిడ్లు, అంటే ఐరన్, వుడ్ రెండింటి లక్షణాలూ కలిపి చేసిన క్లబ్బులు, ఉంటాయి. ఈ అమరిక కుదరడానికి కొన్నేళ్లు పట్టింది. ఎక్కువగా ఆడేది గోల్కొండ నయాఖిలాలోని కోర్సులో, అప్పుడప్పుడు గచ్చిబౌలి బౌల్డర్ హిల్స్‌లో. నా హ్యాండిక్యాప్ (ఆట స్థాయిని చెప్పే అంకె, తక్కువైతే మెరుగు) 14కూ 16కూ మధ్య తిరుగుతుంటుంది. 7 ఐరన్‌తో బంతి గాలిలో 140 గజాలు వెళ్తుంది. ఈ అంకెలు ముందే ఇవ్వడానికి కారణం ఉంది. హైబ్రిడ్ల గురించి ఒక ఆటగాడు చెప్పే మాట ఇంకొకరికి పనికిరావాలంటే ఇద్దరి స్వింగ్ వేగమూ దగ్గరదగ్గరగా ఉండాలి. 7 ఐరన్‌ను 170 గజాలు కొట్టే కుర్రవాడికి ఈ సమీక్షలో సగం వర్తించదు.

లాంగ్ ఐరన్ అంటే 2, 3, 4 నంబర్లు. పాత పద్ధతి సెట్టులో 3 ఐరన్ లాఫ్ట్ 21 డిగ్రీల దగ్గర, 4 ఐరన్ 24 డిగ్రీల దగ్గర ఉంటాయి. క్లబ్బు తల సన్నగా ఉంటుంది, సోల్ (తల అడుగు భాగం) ఇరుకు, గరిమనాభి ముఖానికి బాగా దగ్గరగా ఉంటుంది. అంత తక్కువ లాఫ్ట్‌తో బంతి పైకి లేవాలంటే తల చాలా వేగంగా రావాలి. వేగం చాలకపోతే బంతి కిందగానే బయలుదేరి తొందరగా వాలిపోతుంది. హైబ్రిడ్ తల లోపల బోలు. బరువంతా కిందకూ వెనక్కూ జరిపి ఉంటుంది కాబట్టి అదే వేగానికి, అదే లాఫ్ట్‌తో బంతి ఎక్కువ ఎత్తుకు వెళ్తుంది. వీటికి గిరాకీ 2000 తర్వాతి సంవత్సరాల్లో పెరిగింది. టేలర్‌మేడ్ వాళ్ల రెస్క్యూ క్లబ్బులు వచ్చాక మామూలు ఆటగాళ్ల సంచుల్లోంచి 3 ఐరన్లు ఒక్కొక్కటిగా మాయమయ్యాయి.

దుకాణంలో అందరూ చూసేది దూరం. లాంచ్ మానిటర్ (బంతి వేగం, దూరం కొలిచే యంత్రం) ముందు నిలబడి రెండూ కొట్టి, ఏది ముందు పడితే దాన్ని కొంటారు. నా లెక్కలో ఆ పోలికకు విలువ తక్కువ. సరిగ్గా మధ్యలో తగిలినప్పుడు నా 4 ఐరన్, 23 డిగ్రీల హైబ్రిడ్ ఇంచుమించు ఒకే దూరం వెళ్తాయి. తేడా రెండు చోట్ల బయటపడుతుంది. ఒకటి, బంతి దిగే కోణం. ఐరన్ బంతి వాలుగా వచ్చి గ్రీన్ (రంధ్రం చుట్టూ నున్నగా కోసిన గడ్డి) మీద పడి వెనక గడ్డిలోకి దొర్లిపోతుంది. హైబ్రిడ్ బంతి నిటారుగా దిగి నాలుగైదు గజాల్లో నిలుస్తుంది. రెండు, సరిగా తగలని దెబ్బ. టో (తల కొస) వైపు కాస్త పక్కకు తగిలితే ఐరన్ 20, 25 గజాలు కోల్పోతుంది, అంటే ముందున్న బంకర్లో (ఇసుక గుంటలో) పడుతుంది. హైబ్రిడ్ పది గజాల దగ్గర ఆగుతుంది, గ్రీన్ అంచునైనా చేరుతుంది. మా స్థాయి ఆటలో ఎక్కువ దెబ్బలు ఈ రెండో రకమే కాబట్టి, ఎంచుకునేటప్పుడు చూడవలసింది వాటినే. పరీక్షకు వెళ్లినప్పుడు బాగా తగిలినవి పక్కన పెట్టి, తప్పిపోయిన దెబ్బలు ఎక్కడ పడ్డాయో అడగండి.

ఇక గడ్డి సంగతి. హైదరాబాదులో ఆడేవాళ్లకు హైబ్రిడ్ నిజమైన విలువ వానాకాలంలో తెలుస్తుంది. జులై, ఆగస్టుల్లో రఫ్ (ఆడే దారి పక్కన పెరిగే పొడవాటి గడ్డి) ఎంత కోసినా వారంలో మళ్లీ మడమలు దాటుతుంది. బంతి గడ్డి మీద కూర్చోదు, లోపలికి దిగిపోతుంది, పైనుంచి చూస్తే సగం మాత్రమే కనిపిస్తుంది. అక్కడ 3 ఐరన్‌తో దెబ్బ వేస్తే తల బంతిని చేరేలోపే తడిసిన పోచలు హోసెల్‌ను (తలకు కర్ర కలిసే మెడను) చుట్టుకుంటాయి. హోసెల్ వెనక్కు పట్టేస్తుంది, టో ముందుకు తిరుగుతుంది, ముఖం మూసుకుంటుంది, బంతి ఎడమకు, నేలబారుగా, 100 గజాలైనా దాటకుండా పోతుంది. మణికట్టుకు ఆ కుదుపు తెలుస్తుంది కూడా. హైబ్రిడ్ సోల్ వెడల్పు, అంచులు గుండ్రం. అది గడ్డిని కోయదు, పక్కకు తోసుకుంటూ వెళ్తుంది. దాంతో అద్భుతాలు జరుగుతాయని అనను. బంతి మొత్తం మునిగిపోతే 8 ఐరన్ తీసి ఫెయిర్‌వే (పొట్టిగా కోసిన ఆడే దారి) మీదకు వేసుకోవడమే మార్గం. కానీ సగం కనిపించే బంతి మాత్రం నాకు ఇప్పుడు గండం కాదు. నాకు తరచూ సంచి మోసే క్యాడీ, వానాకాలం మొదలైతే 4 ఐరన్ వైపు చెయ్యి పోనివ్వడు. "సార్, అది వద్దు, ఇది తీసుకోండి" అని హైబ్రిడ్ కవర్ తీసి చేతికిస్తాడు. చాలామంది సంచులు మోసి వందల దెబ్బలు చూసిన మనిషి మాట అది. దుకాణంలో అమ్మేవారి సలహా కన్నా నాకు దాని మీదే గురి.

పెద్ద పోటీలోనూ ఈ క్లబ్బు తన సత్తా చూపింది. 2009 పీజీఏ ఛాంపియన్‌షిప్, హేజెల్‌టైన్ కోర్సు, చివరి రోజు, చివరి రంధ్రం. టైగర్ వుడ్స్ కన్నా ఒక దెబ్బ ముందున్న దక్షిణ కొరియా ఆటగాడు వై.ఇ. యాంగ్ 200 గజాలకు పైగా దూరం నుంచి 3 హైబ్రిడ్ తీశాడు. బంతి ఎత్తుగా వెళ్లి జెండాకు కొద్ది దూరంలో ఆగింది, అతను బర్డీ (పార్, అంటే ఆ రంధ్రానికి నిర్ణయించిన దెబ్బల కన్నా ఒకటి తక్కువ) చేసి గెలిచాడు. ఆసియాలో పుట్టిన పురుషుడు మేజర్ (గోల్ఫ్‌లోని నాలుగు పెద్ద పోటీల్లో ఒకటి) గెలవడం అదే మొదటిసారి. అలాంటి ఒత్తిడిలో మెత్తగా దిగే బంతి కావాలనుకుని అతను తీసింది హైబ్రిడ్. "అది ముసలివాళ్ల క్లబ్బు" అని ఎవరైనా అన్నప్పుడల్లా నేను చెప్పేది ఈ కథే.

హైబ్రిడ్‌లో లోపం లేదా అంటే ఉంది, గట్టిదే ఉంది. ఎడమకు వంగడం. కుడిచేతి ఆటగాడు బాగా బలం పెట్టినప్పుడు బంతి హుక్ అయి ఎడమ చెట్లలోకి పోతుంది. బౌల్డర్ హిల్స్‌లో అయితే గ్రానైట్ బండలను తాకి ఎటు పోతుందో చెప్పలేం. దీనికి కారణాలు ఒకటికి మించి ఉన్నాయి. చాలా హైబ్రిడ్లను, బంతిని కుడికి జారవిడిచే కొత్త ఆటగాళ్లను దృష్టిలో పెట్టుకుని తయారు చేస్తారు. అందుకని ముఖం కొద్దిగా మూసి ఉంటుంది, తల కాస్త నిటారుగా కూర్చుంటుంది. షాఫ్ట్ (క్లబ్బు కర్ర) అదే లాఫ్ట్ ఐరన్ కన్నా ఒక అంగుళం, ఒకటిన్నర అంగుళం పొడవు, పైగా తేలికైన గ్రాఫైట్. గరిమనాభి వెనక్కు ఉంటుంది కాబట్టి టో వైపు తగిలిన బంతికి ఎడమకు తిరిగే స్పిన్ కూడా తోడవుతుంది. సహజంగానే కుడి నుంచి ఎడమకు కొట్టేవారికి ఇవన్నీ కలిస్తే ఆట చిక్కుల్లో పడుతుంది. అలాంటివారు లాంగ్ ఐరన్ వదలకపోవడానికి ఇది బలమైన కారణం, దాన్ని నేను గౌరవిస్తాను.

నా విషయంలో దీన్ని అదుపులోకి తెచ్చినవి మూడు. మొదటిది, దుకాణంలో వచ్చిన తేలికపాటి షాఫ్ట్ తీయించి 80 గ్రాముల పైబడిన గట్టి షాఫ్ట్ వేయించడం. ఐరన్లలో ఉక్కు షాఫ్టులు 110, 120 గ్రాములు ఉన్నవారు హైబ్రిడ్‌లో 60 గ్రాములది పట్టుకుంటే చేతులు ముందే తిరిగిపోతాయి, ముఖం మూసుకుపోతుంది. క్లబ్బు మార్చే ముందు షాఫ్ట్ మార్చి చూడండి, ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ. రెండోది, గ్రిప్ మీద చెయ్యి అర అంగుళం కిందకు పట్టుకోవడం. మూడోది, దెబ్బ వేసే తీరు. హైబ్రిడ్ ఫెయిర్‌వే వుడ్‌లా (పెద్ద తల ఉన్న దూరపు క్లబ్బులా) కనిపిస్తుంది, అందుకని చాలామంది దాన్ని నేల ఊడ్చినట్టు కొడతారు. దాన్ని ఐరన్ కొట్టినట్టే కొట్టాలి. బంతి రెండు పాదాల నడిమి కన్నా కాస్త ముందు ఉండాలి, తల కొద్దిగా కిందికి దిగుతూ తగలాలి, బంతి పోయాక ముందు గడ్డి చిన్నగా లేవాలి. ఇది అలవాటయ్యాక హుక్ పూర్తిగా పోలేదు గానీ, బంతి ఎటు పోతుందో ముందే ఊహించగలుగుతున్నాను.

నంబర్ల విషయం కూడా చెప్పాలి, ఎందుకంటే డబ్బు వృథా అయ్యేది ఇక్కడే. మా బావ ఈ మధ్య కొత్త ఐరన్ సెట్టు కొన్నాడు. ఒకరోజు రేంజ్‌లో (సాధన మైదానంలో) అతని 6 ఐరన్ నా 4 ఐరన్ దగ్గరకు వచ్చి పడుతోంది. "బావా, ఒక్కసారిగా ఇంత బలం ఎక్కడిది?" అని అడిగి, కాగితం తీయించి చూస్తే ఆ 6 ఐరన్ లాఫ్ట్ 25 డిగ్రీలు. పాత లెక్కల్లో అది 4 ఐరన్. ఇప్పుడు వచ్చే చాలా సెట్లలో లాఫ్టులు ఇలాగే గట్టిపడ్డాయి. కాబట్టి "4 ఐరన్ తీసేసి 4 హైబ్రిడ్ వేసుకో" అన్న సలహాకు అర్థం లేదు. సోల్ మీద అంకె వదిలేసి లాఫ్ట్ అడగండి. పైగా హైబ్రిడ్ షాఫ్ట్ పొడవు, ముఖం చురుకు కాబట్టి అదే లాఫ్ట్ ఉన్న ఐరన్ కన్నా కొన్ని గజాలు ఎక్కువే వెళ్లవచ్చు. మీ సంచిలో మిగిలే అతి పొడవైన ఐరన్ దూరానికి పది, పన్నెండు గజాల పైన పడేదాన్ని వెతకండి. నియమం ప్రకారం సంచిలో 14 క్లబ్బులకు మించి ఉండకూడదు. ఒకే దూరం పోయే రెండు క్లబ్బులు మోస్తే ఒక వెడ్జ్ (దగ్గరి దెబ్బలకు వాడే క్లబ్బు) స్థానం వదులుకున్నట్టే.

గ్రీన్ పక్కన హైబ్రిడ్ చేసే మేలు ఎవరూ పెద్దగా చెప్పరు. అంచు గడ్డిలో ఉన్న బంతిని, పుటర్ (గ్రీన్ మీద బంతిని దొర్లించే క్లబ్బు) పట్టుకున్నట్టే పట్టుకుని, హైబ్రిడ్‌తో చిన్నగా నెడితే అది గడ్డి దాటి దొర్లుకుంటూ వెళ్తుంది. 2004 బ్రిటిష్ ఓపెన్‌లో, రాయల్ ట్రూన్‌లో, టాడ్ హామిల్టన్ ప్లేఆఫ్ (ఇద్దరూ సమానంగా నిలిచాక ఆడే అదనపు ఆట) చివరి రంధ్రం దగ్గర ఇలాగే హైబ్రిడ్‌తో బంతిని జెండా పక్కకు చేర్చి ఎర్నీ ఎల్స్‌ను ఓడించాడు. మే నెలలో మన నేల గట్టిపడి వెడ్జ్ ఎగిరిపడేటప్పుడు ఈ పద్ధతి నాకు చాలా పార్‌లు కాపాడింది.

ఇంత చెప్పాక 4 ఐరన్ ఎందుకు ఉంచుకున్నాను? గాలి కోసం. విశాఖ ఈస్ట్ పాయింట్ కోర్సు చాలా పాతది, 1884 నాటిది. మధ్యాహ్నం సముద్రపు గాలి ఎదురుగా వచ్చినప్పుడు హైబ్రిడ్ బంతి పైకి లేచి, అక్కడే ఆగిపోయి, అనుకున్న దానికన్నా 20 గజాల ముందే పడుతుంది. హైదరాబాదులో వరమైన ఆ ఎత్తు ఇక్కడ శాపం. బంతిని కాస్త వెనక పెట్టి, 4 ఐరన్‌తో సగం స్వింగ్‌తో కొడితే అది గాలి కింద నుంచి దూసుకెళ్లి నేల మీద దొర్లుతుంది. 2006లో హాయ్‌లేక్‌లో జరిగిన బ్రిటిష్ ఓపెన్‌లో ఎండకు నేల రాయిలా మారింది. టైగర్ వుడ్స్ నాలుగు రోజుల్లో ఒకే ఒక్కసారి డ్రైవర్ (అన్నిటికన్నా దూరం కొట్టే క్లబ్బు) తీసి, టీ (ప్రతి రంధ్రానికీ మొదటి దెబ్బ వేసే చోటు) మీద ఎక్కువగా 2 ఐరన్‌తో ఆడి గెలిచాడు. గట్టి నేల, గాలి, నిలకడైన వేగం ఉన్న స్వింగ్, ఈ మూడూ కలిసిన చోట లాంగ్ ఐరన్‌ను మించింది లేదు.

ఇంకొక మాట కూడా మనసారా చెబుతాను. మధ్యలో తగిలిన లాంగ్ ఐరన్ ఇచ్చే ఆనందం హైబ్రిడ్ ఇవ్వదు. చేతికి ఏ బరువూ తెలియదు, పొడిగా, చిన్నగా ఒక చప్పుడు, తలెత్తేసరికి బంతి చాలా దూరంలో ఉంటుంది. 1950లో మెరియన్‌లో బెన్ హోగన్ 1 ఐరన్ దెబ్బ ఫోటో, 1972లో పెబుల్ బీచ్ 17వ రంధ్రం దగ్గర జాక్ నిక్లాస్ 1 ఐరన్ బంతి జెండా కర్రను తాకిన దృశ్యం చూసి పెరిగినవారికి ఆ మోజు ఎందుకో వివరించనక్కరలేదు. నేను ఇప్పటికీ రేంజ్‌లో 4 ఐరన్‌తో కొన్ని బంతులు కొట్టే బయటికొస్తాను. స్వింగ్ ఎక్కడ చెడిందో అది దాచకుండా చెబుతుంది. సాధనకు దాన్ని మించిన గురువు నాకు దొరకలేదు.

బోలు తల ఉన్న డ్రైవింగ్ ఐరన్లు కూడా కొన్నాళ్లు అరువు తెచ్చుకుని ఆడాను. టీ మీద బాగున్నాయి, గడ్డిలో మామూలు ఐరన్లలాగే ఇబ్బంది పెట్టాయి. నా వేగానికి అవి కుదరవు. హుక్ బాధ మరీ ఎక్కువగా ఉన్నవారు 7 వుడ్ ప్రయత్నించవచ్చు, బంతి ఇంకా ఎత్తుగా, తిన్నగా వెళ్తుంది, గాలిలో మాత్రం కష్టం.

7 ఐరన్‌తో 140 గజాల లోపు కొట్టేవారు, ఆడవారైనా మగవారైనా, 5 ఐరన్ కూడా తీసేసి హైబ్రిడ్ వేసుకోవచ్చు. 160 దాటేవారు లాంగ్ ఐరన్ ఉంచుకుని ఒక్క హైబ్రిడ్‌తో మొదలుపెడితే చాలు. నా వంటి మధ్యవారు రెండు హైబ్రిడ్లతో సుఖంగా ఉంటారు. కొత్తవే కొనాలని లేదు. రెండు, మూడేళ్ల కిందటి మోడళ్లు పాతవాటిలో చవగ్గా దొరుకుతాయి, ఆటలో పెద్ద తేడా ఉండదు. కొనేటప్పుడు ముఖం మీద వేలితో రాసి సన్నని పగులు ఉందేమో చూడండి. తలను చెవి దగ్గర ఊపితే లోపల ఏదైనా గలగలమంటోందేమో వినండి. షాఫ్ట్ ఎవరైనా కోయించారేమో కొలవండి. చివరగా, డబ్బిచ్చే ముందు రేంజ్‌కు తీసుకెళ్లి చాప మీద కాకుండా గడ్డి మీద కొట్టి చూడండి. చాప మీద నేల ముందే తగిలినా సోల్ జారిపోయి దెబ్బ బాగున్నట్టే అనిపిస్తుంది.