రీడింగ్ నుంచి గ్లెన్‌కో దాకా, అమ్మానాన్నలతో ఎలక్ట్రిక్ కారులో

అమ్మానాన్నలు తెనాలి నుంచి ఇంగ్లండ్‌లో మేం ఉండే రీడింగ్ ఊరికి వచ్చి ఉన్నారు, నవంబర్‌లో తిరుగు ప్రయాణం, పాపకి అక్టోబర్ చివర్లో హాఫ్ టర్మ్, అంటే బడి టర్మ్ మధ్యలో వచ్చే సెలవులు. ఇవన్నీ కలిసొచ్చాయి కదా అని ఇంగ్లండ్ ఉత్తరాన సరస్సుల ప్రాంతం లేక్ డిస్ట్రిక్ట్, అక్కడి నుంచి స్కాట్లాండ్ కొండలు చూసి వద్దామని బయల్దేరాం. కారు ఎంజీ4 లాంగ్ రేంజ్. ఒకసారి ఫుల్ చార్జ్ చేస్తే కంపెనీ లెక్క 281 మైళ్ళు. ఐదుగురు మనుషులు, డిక్కీ నిండా సామాను, హీటరు, మోటర్‌వే మీద 70 స్పీడు, ఇవన్నీ పెట్టుకుని 281 వస్తుందనుకుంటే టెన్షన్ తప్పదు, 200 అనుకుని ప్లాన్ వేసుకుంటే హాయిగా ఉంటుంది.

రాత్రి ఇంటి దగ్గర ఫుల్ చేసుకున్నాం. మాది నైట్ టారిఫ్, పదకొండున్నర నుంచి ఉదయం ఐదున్నర దాకా యూనిట్ 7 పెన్స్. అంటే బ్యాటరీ మొత్తం నింపినా నాలుగున్నర పౌండ్లు దాటదు. రీడింగ్‌లో ఒక కాఫీ, కేకు ఖర్చు.

మొదటి మజిలీ బర్మింగ్‌హామ్ దగ్గర టివిడేల్ బాలాజీ గుడి. ఎం5 మోటర్‌వే రెండో జంక్షన్‌లో దిగితే దగ్గరే. పచ్చిక మధ్యలో తిరుమల గోపురం తీరులో కట్టిన గుడి, 2006లో తెరిచారు, ఉత్తరానికి వెళ్ళే మన తెలుగువాళ్ళకి ఇది దాదాపు తప్పనిసరి ఆగుడు. దర్శనం బాగా అయింది, పార్కింగ్ చాలినంత ఉంది. అమ్మకి యాత్ర ఇక్కడే సగం పూర్తయినట్టు.

అసలు కథ ఆ తర్వాత ఎం6 మీద మొదలైంది. ఒక సర్వీసెస్‌లో, అంటే మోటర్‌వే పక్కన తిండి, బాత్రూమ్‌లు, చార్జర్లు ఉండే చోట ఆగాం, పేరు వద్దులెండి, శనివారం, హాఫ్ టర్మ్ మొదటి రోజు, చార్జర్లు వరసగా బాగానే ఉన్నాయి కానీ వాటిలో కొన్నింటి తెరలు నల్లగా ఉన్నాయి, మిగతావాటి ముందు కార్లు. ఇంగ్లీషువాళ్ళు క్యూకి ప్రాణం ఇస్తారంటారు కదా, చార్జర్ల దగ్గర క్యూ ఎక్కడ మొదలవ్వాలో ఎవరూ గీత గీయలేదు, అందుకని అందరూ తలో మూల కారు ఆపుకుని, ఎవరి తర్వాత ఎవరో చూపులతోనే గుర్తుపెట్టుకుంటూ కూర్చున్నారు. ముప్పావుగంట అలా గడిచాక మా వంతు వచ్చింది. ఒక్క మాట మాత్రం ఒప్పుకోవాలి, పాత రోజుల్లోలాగా ఒక్కో కంపెనీకి ఒక్కో యాప్ వేసుకునే గోల బాగా తగ్గింది. 2024 నవంబర్ నుంచి వేగంగా చార్జ్ చేసే యంత్రాలన్నిటికీ బ్యాంకు కార్డు ఆనిస్తే పనిచేయాలని చట్టం ఉంది, అలాంటి చార్జర్లు నడిపే కంపెనీ ఏడాది సగటున 99 శాతం పనిచేసే స్థితిలో ఉంచాలని కూడా ఉంది. ఆ నల్ల తెరలు ఆ మిగిలిన ఒక్క శాతంలోవి కాబోలు.

తెర మీద రేటు చూసి నాన్న ఆగిపోయారు. ఆయన కరెంటాఫీసులో పనిచేసి రిటైరయ్యారు, యూనిట్ అన్న మాట వింటే చెవులు రిక్కిస్తారు.

"ఒరే, 79 పెన్సులంటే మన డబ్బుల్లో ఎంతరా?"

"తొంభై రూపాయల దాకా, నాన్నా."

"యూనిట్ తొంభై రూపాయలా! మన దగ్గర పై శ్లాబు కూడా పది దాటదు. రాత్రి మీ ఇంట్లో ఏడు పెన్సులు అన్నావు, పొద్దున్నే పదకొండు రెట్లా?"

ఆయనకి చెప్పిందే మీకూ చెబుతున్నాను. ఇంట్లో వాడే కరెంటు మీద వ్యాట్ 5 శాతం, రోడ్డు మీద చార్జర్ కరెంటు మీద 20 శాతం. దాని మీద యంత్రం ఖరీదు, గ్రిడ్ కనెక్షన్, స్థలం అద్దె. సూపర్‌మార్కెట్ల దగ్గర, టెస్లా వాళ్ళ దగ్గర అర్ధరాత్రో తెల్లవారుజామునో కొంచెం చవగ్గా దొరుకుతుంది, 2022 నుంచి టెస్లా చార్జర్లు కొన్ని వేరే కార్లకీ తెరిచారు. కానీ తల్లిదండ్రుల్ని వెంటబెట్టుకుని తెల్లవారుజామున ఎవరు తిరుగుతారు?

కారు 80 శాతానికి రావడానికి అరగంట పైన పట్టింది. ఈ అరగంట గురించి పెట్రోల్ కారువాళ్ళు చాలా ఎగతాళి చేస్తారు. మాకైతే భారం అనిపించలేదు, డెబ్బై దాటినవాళ్ళతో వెళ్తుంటే రెండు గంటలకోసారి బాత్రూమ్‌కి ఎలాగూ ఆగాలి, డబ్బాలో పులిహోర ఉంది, బీపీ మాత్ర టైమూ అయింది. భారం అనిపించింది ముందు వెయిట్ చేసిన ముప్పావుగంట.

టీబే సర్వీసెస్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. కంబ్రియాలో, ఎం6 మీద, పెద్ద చెయిన్ల చేతిలో లేని సర్వీసెస్. బర్గర్ దుకాణాల బదులు ఫార్మ్ షాపు, అక్కడే వండిన తిండి, కిటికీ బయట చెరువూ బాతులూ, వెనక కొండలు. ధరలు తక్కువేం కాదు, కానీ సూప్ సూప్‌లాగా ఉంటుంది. మాకు అక్కడ చార్జింగ్ అవసరమే రాలేదు, అయినా గంట కూర్చున్నాం.

లేక్ డిస్ట్రిక్ట్‌లోని కెజిక్‌లో రెండు రాత్రులు ఒక బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్‌లో ఉన్నాం. మొత్తం ప్రయాణంలో నాకు బాగా నచ్చిన బస ఇదే. గొప్ప గదులేం కావు, మెట్లు ఇరుకు, నాన్న మోకాళ్ళకి కష్టమే. కానీ ఇంటావిడ గోడ బయట సాకెట్ చూపించి రాత్రికి ఐదు పౌండ్లు ఇస్తే చాలంది. మామూలు త్రీ పిన్ ప్లగ్‌లో గంటకి రెండు యూనిట్ల పైచిలుకు ఎక్కుతుంది, సాయంత్రం ఆరుకి పెడితే పొద్దున టిఫిన్ అయ్యేసరికి దాదాపు సగం బ్యాటరీ. బుకింగ్‌కి ముందు చూసిన కాటేజీలు చాలావాటిలో 'త్రీ పిన్‌లో కారు చార్జ్ చేయరాదు' అని రాసి ఉంది, నాకు పిసినారితనం అనిపించింది, నాన్న మాత్రం వాళ్ళవైపే. "పాత వైరింగ్ మీద పది పన్నెండు గంటలు ఆగకుండా లోడ్ లాగితే సాకెట్ మాడిపోతుందిరా, వాళ్ళ భయం వాళ్ళది" అన్నారు.

ఆంబుల్‌సైడ్ నుంచి కర్క్‌స్టోన్ కనుమ ఎక్కే రోడ్డుకి 'స్ట్రగుల్' అని పేరు, పేరుకి తగ్గట్టే ఉంటుంది. ఎలక్ట్రిక్ కారుకి ఆ ఎక్కుడు లెక్కే కాదు, గేర్ల గొడవ లేదు, మూలుగు లేదు, బ్యాటరీ మాత్రం చూస్తుండగానే తరుగుతుంది. అల్స్‌వాటర్ వైపు దిగేటప్పుడు అందులో కొంత వెనక్కి వస్తుంది, కాలు తీస్తే చాలు కారు తనంతట తానే బ్రేక్ వేసుకుని కరెంటు దాచుకుంటుంది. నాకు అది సరదా, వెనక కూర్చున్న అమ్మకి కడుపులో తిప్పడం. వంపు వంపుకీ లాగి వదిలినట్టు ఉందంది. ఆ సెట్టింగ్ బాగా తగ్గించాక సర్దుకుంది. పెద్దవాళ్ళని ఎక్కించుకునేవాళ్ళు బయల్దేరేముందే తగ్గించుకోండి.

స్కాట్లాండ్‌లోకి వెళ్ళాక చార్జర్లు తక్కువ ఉంటాయేమో అనుకున్నాం, ఊరూరా కనిపించాయి. ప్రభుత్వం చార్జ్‌ప్లేస్ స్కాట్లాండ్ పేరుతో కౌన్సిళ్ళ కార్ పార్కుల్లో చాలా ముందే పెట్టించింది. ఒకప్పుడు చాలాచోట్ల ఉచితం, ఇప్పుడు డబ్బులే, అయినా మోటర్‌వే రేటు కన్నా నయం. లాక్ లోమండ్ (స్కాట్లాండ్‌లో సరస్సుని లాక్ అంటారు) ఒడ్డున ఏ82 ఇరుకు రోడ్డు, ఎదురుగా కోచ్ బస్సులు వస్తే గుండె ఝల్లుమంటుంది. టిండ్రమ్‌లో ఆగి చార్జ్ చేసుకుని రానొక్ మూర్ దాటి గ్లెన్‌కో లోయలోకి దిగుతుంటే అప్పటిదాకా వెనక సీట్లో సణుగుతున్న పాప కూడా ఫోన్ పక్కన పెట్టేసింది. హ్యారీ పోటర్ సినిమాల్లో కనిపించే గ్లెన్‌ఫినన్ వంతెన, రైలు గురించి అందరూ రాసేశారు, కార్ పార్కు నిండిపోయిందని మాత్రం నేను చెబుతాను.

బస బలాహులిష్ దగ్గర ఒక హోటల్. వెబ్‌సైట్‌లో 'ఈవీ చార్జింగ్ ఉంది' అని ఉంటే నమ్మి ఎక్కువ పెట్టి తీసుకున్నాం. ఉన్నవి రెండే సాకెట్లు, గదులు నలభై పైన. ఒకదానికి ఎవరిదో కారు, ఎప్పుడో ఫుల్ అయిపోయి, రాత్రంతా అలాగే తగిలించి ఉంది. రిసెప్షన్‌లో అడిగితే గెస్టుని నిద్ర లేపలేం అన్నారు, అదీ న్యాయమే. పొద్దున మాకు దొరికింది, యూనిట్ 45 పెన్స్. గది, భోజనం, లాక్ మీదికి చూసే కిటికీ అన్నీ బాగున్నాయి. ఇకముందు హోటల్‌కి ఫోన్ చేస్తే చార్జర్ ఉందా అని అడగను, ఎన్ని ఉన్నాయి, రిజర్వ్ చేస్తారా, ఫుల్ అయ్యాక తీయిస్తారా అని అడుగుతాను.

ఇక డబ్బు. పోనూ రానూ, తిరుగుడుతో కలిపి 1150 మైళ్ళ దాకా అయింది, కరెంటుకి 170 పౌండ్లు దాటింది. గ్యాలన్‌కి 40 మైళ్ళిచ్చే పెట్రోల్ కారైతే, లీటరు 135 పెన్స్ లెక్కన, ఇంచుమించు అంతే. మంచి డీజిల్ కారైతే ఇంకా తక్కువ. అదే ఇంటి దగ్గర తిరిగినప్పుడు వంద మైళ్ళకి రెండు పౌండ్లు, ఆ పెట్రోల్ కారుకి పదిహేను. కారు అదే, నడిపేది నేనే. ఇంట్లో మాకు డ్రైవ్‌వే, అంటే ఇంటి ముందు కారు పెట్టుకునే సొంత జాగా ఉంది, గోడకి చార్జర్ ఉంది. యాత్రలో ఉన్నన్నాళ్ళూ మేం డ్రైవ్‌వే లేనివాళ్ళం. రోడ్డు వారన కారు పెట్టుకుని, గోడకి గోడ ఆనించి వరసగా కట్టిన టెర్రస్ ఇళ్ళలో, ఫ్లాట్లలో ఉండే జనం ఈ దేశంలో లక్షల్లో ఉన్నారు, మేం నాలుగు రోజులు కట్టిన రేటు వాళ్ళకి ఏడాదంతా.

తిరిగి వచ్చేటప్పుడు ఒక సర్వీసెస్‌లో పక్కన ఆగిన నర్సు ఒకావిడ ఇదే చెప్పింది. ఆవిడది సెకండ్‌హ్యాండ్ నిస్సాన్ లీఫ్, చవగ్గానే దొరికిందట, కానీ పాత రకం సాకెట్ కాబట్టి వరస మొత్తంలో ఆవిడ కారుకి సరిపోయే కేబుల్ ఒక్కటే. ఫ్లాట్‌లో ఉంటుంది, చార్జింగ్ మొత్తం బయటే. నాకేమో పన్ను వేయకముందే జీతంలోంచి కారు డబ్బు కోయించుకునే శాలరీ శాక్రిఫైస్‌లో టాక్స్ ఆదా, కంపెనీ కారు పన్నుకి 2025-26లో లెక్కలోకి తీసుకున్నది కారు ధరలో 3 శాతమే, పైగా ఇంటి కరెంటు 7 పెన్స్. ఎక్కువ జీతం ఉన్నవాడికే అన్నివైపులా తగ్గింపు. 2025 జూలైలో ప్రభుత్వం 37,000 పౌండ్ల లోపు కొత్త కార్లకి 3,750 దాకా గ్రాంట్ పెట్టింది, మంచిదే, కానీ అది కొత్త కారు కొనగలిగినవాళ్ళకి. సెకండ్‌హ్యాండ్‌లో మాలాంటి కార్లే పది పన్నెండు వేలకి వస్తున్నాయి, అసలు సామాన్యుడి మార్కెట్ అక్కడుంది. రోడ్ టాక్స్ 2025 ఏప్రిల్ నుంచి వీటికీ వేస్తున్నారు, మొదటి ఏడాది 195 పౌండ్లు. 2028 ఏప్రిల్ నుంచి మైలుకి 3 పెన్స్ కూడా వేస్తామని బడ్జెట్‌లో ప్రకటించారు, ఏడాదికి 8,000 మైళ్ళు తిరిగితే మరో 240. ఇంటి దగ్గర చార్జ్ చేసుకునేవాళ్ళు దాన్నీ తట్టుకుంటారు, ఆ నర్సు లెక్క మాత్రం తప్పుతుంది.

మా పిన్ని కొడుకు లెస్టర్‌లో టెర్రస్ ఇంట్లో ఉంటాడు. మా ఫోటోలు చూసి "అన్నయ్యా, నేనూ తీసుకోనా?" అని ఫోన్ చేశాడు. ఇంటి నుంచి కేబుల్ ఫుట్‌పాత్‌లో గాడి చేసి రోడ్డుకి తీసుకెళ్ళే పథకానికి ప్రభుత్వం కౌన్సిళ్ళకి డబ్బు ఇస్తోంది, ముందు మీ వీధికి వస్తుందేమో కనుక్కో, అది ఒప్పుకుంటే అప్పుడు కారు చూడు, అప్పటిదాకా నీ యారిస్ కారే బంగారం అన్నాను. కౌన్సిల్‌కి రాశాడు, జవాబు ఇంకా రాలేదు.