కార్ల్ లైస్టర్ ఊదిన బ్రామ్స్ క్వింటెట్: ఈ సీడీ ఎందుకు కొనాలంటే

మూడు సీడీల పెట్టె ఇది. పంతొమ్మిదో శతాబ్దపు జర్మన్ స్వరకర్త బ్రామ్స్ రాసిన తీగవాద్యాల క్వింటెట్లు (ఐదుగురు వాయించే కృతులు) రెండు, సెక్స్‌టెట్లు (ఆరుగురివి) రెండు, వాటితో పాటు క్లారినెట్ క్వింటెట్, అంటే నాలుగు తీగవాద్యాలు, ఒక క్లారినెట్. డాయిష్ గ్రామోఫోన్ అనే జర్మన్ కంపెనీ వాళ్లది, వాయించింది అమడేయస్ క్వార్టెట్ అనే నలుగురి తీగవాద్య బృందం, క్లారినెట్ కార్ల్ లైస్టర్. నేను డబ్బు పెట్టింది ఆ క్లారినెట్ కృతి కోసమే, అంటే సుమారు నలభై నిమిషాల సంగీతం కోసం. మిగతా రెండు డిస్కులు ఎంత బాగున్నా ఇప్పటికీ వాటి జోలికి పెద్దగా వెళ్లలేదు. సెకండ్ హ్యాండ్‌లో తెప్పించుకున్నాను. అమ్మినాయన "కొత్తదానిలా ఉంది" అని రాశాడు కానీ వచ్చిన డిస్కు మీద గీత ఉంది, సరిగ్గా నాకు కావలసిన చోటే ఎగిరిపోయేది. వాపసు పంపి ఇంకొకటి తెప్పించుకోవడానికి నెలకు పైనే పట్టింది. కాబట్టి పాతది కొనేవాళ్లు డిస్కు వెనకవైపు ఫొటో అడిగి చూశాకే డబ్బు కట్టండి.

ఇంక అసలు విషయం. క్లారినెట్ అంటే మన ఊళ్లలో చాలామందికి పెళ్లి బ్యాండే గుర్తొస్తుంది. ట్రంపెట్లనూ డోళ్లనూ దాటుకుని వినిపించాలి కాబట్టి అక్కడ గట్టిగా ఊదుతారు. కర్ణాటక సంగీతం వినేవాళ్లకైతే ఎ.కె.సి. నటరాజన్ గారు గుర్తొస్తారు, 2008లో సంగీత కళానిధి అందుకున్నాయన, గమకాలతో ఆ వాద్యం చేత పాడించినాయన. ఈ రెండూ విని పెరిగిన చెవితో లైస్టర్‌ని మొదటిసారి విన్నప్పుడు నాకు నిజంగా ఏమీ అర్థం కాలేదు. స్వరం కదలదు, ఊగదు, నీళ్లలో వేసిన నూనెచుక్కలా నిశ్చలంగా ఉంటుంది. చప్పగా ఉందేమో అనుకున్నాను. నాలుగైదు సార్లు విన్నాక తెలిసింది, ఆయన గొప్పతనం ఆ నిశ్చలంలోనే ఉందని.

లైస్టర్ 1937లో జర్మనీలోని విల్‌హెల్మ్స్‌హాఫెన్‌లో పుట్టారు. నాన్న కూడా క్లారినెట్ వాద్యకారుడే, మొదటి పాఠాలు ఆయన దగ్గరే. బెర్లిన్‌లో చదువుకుని, అక్కడి కోమిషె ఓపెరా అనే సంగీత నాటకశాలలో కొంతకాలం పనిచేసి, 1959లో బెర్లిన్ ఫిల్హార్మోనిక్ ఆర్కెస్ట్రాలో ప్రధాన క్లారినెట్ కుర్చీలో కూర్చున్నారు, అంటే ఇరవై రెండేళ్ల వయసుకి. 1993 దాకా ఆ కుర్చీ వదల్లేదు. ముప్పై నాలుగేళ్లు, అందులో ఎక్కువ భాగం ఆ ఆర్కెస్ట్రాని నడిపిన కండక్టర్ కారయాన్ కింద. ఇంత పెద్ద ఆర్కెస్ట్రాలో ఉంటూనే చాంబర్ సంగీతం (కొద్దిమందే కలిసి వాయించేది) ఎక్కడా ఆపలేదు, 1983లో పుట్టిన ఎన్సెంబుల్ వీన్-బెర్లిన్ అనే గాలివాద్యాల బృందంలోనూ ఉన్నారు. మొజార్ట్ కాన్‌చెర్టోని కారయాన్‌తో రికార్డు చేశారు కూడా. మంచి రికార్డే, అయినా అది విని లైస్టర్‌ని అంచనా వేయొద్దని నా మాట. కాన్‌చెర్టోలో వెనక నలభై మంది ఉంటారు, ముందు ఒక్కడు ఊదుతాడు, ఎవరు వాయించినా వాద్యకారుడే కనిపిస్తాడు. ఐదుగురిలో ఒకడిగా ఉన్నప్పుడు ఎక్కడ ముందుకు రావాలో, ఎక్కడ మిగతా నలుగురి వెనక దాక్కోవాలో తెలిసినవాడెవడో తేలేది ఈ క్వింటెట్ లాంటి చోట.

ఈ కృతి పుట్టిన కథ కూడా ఒక క్లారినెట్ వాద్యకారుడి వల్లే. 1890లో బ్రామ్స్ ఇక రాయడం చాలించాలనుకున్నారు. మరుసటి ఏడాది మార్చిలో జర్మనీలోని మైనింగెన్ వెళ్లి, అక్కడి దర్బారు ఆర్కెస్ట్రాలో రిషార్డ్ మ్యూల్‌ఫెల్డ్ క్లారినెట్ విన్నారు. మ్యూల్‌ఫెల్డ్ ఆ ఆర్కెస్ట్రాలోకి వచ్చింది వయొలిన్ వాద్యకారుడిగా, క్లారినెట్ సొంతంగా నేర్చుకున్నారు. ఆయన్ని విన్న ఆ వేసవిలోనే, ఆస్ట్రియాలోని బాడ్ ఇష్ల్‌లో కూర్చుని బ్రామ్స్ ఒక ట్రయో (ముగ్గురు వాయించేది), ఈ క్వింటెట్ రాసేశారు, 1894లో క్లారినెట్, పియానో కలిసి వాయించే మరో రెండు సొనాటాలు. పెన్ను పక్కన పెట్టేసిన పెద్దాయన ఒక్క మనిషి ఊపిరి విని మళ్లీ రాయడం మొదలుపెట్టారంటే, అది వింటుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు జలదరిస్తుంది.

నాలుగు భాగాల ఈ కృతి మొదటి భాగంలో ముందు వయొలిన్లు రెండే మొదలుపెడతాయి, స్వరక్రమం మేజరా మైనరా (స్థూలంగా ఒకటి ఉల్లాసంగా, ఒకటి దిగులుగా వినిపిస్తుంది) అని తేల్చకుండా కాసేపు ఊగిసలాడతాయి. తర్వాత క్లారినెట్ కింది స్థాయి నుంచి మెట్టు మెట్టుగా పైకి ఎక్కుతూ లోపలికి వస్తుంది. ఆ రావడం వినండి. చాలామంది అక్కడ "నేనొచ్చాను" అన్నట్టు ఊదుతారు. లైస్టర్ రావడం తెలియదు, పైకి చేరాక గానీ అది క్లారినెట్ అని గుర్తుపట్టం. రీడు (ఊదేచోట ఉండే పల్చటి రెల్లు ముక్క) మీద ఊపిరి ఎప్పుడు తగిలిందో కూడా వినిపించదు. అంత మెల్లగా, శ్రుతి జారకుండా, మొదలుపెట్టడం ఎంత కష్టమో క్లారినెట్ పట్టుకున్న ఎవరినైనా అడగండి, పై స్వరాల దగ్గర పెదవి కాస్త బిగిసినా, ఊపిరి కాస్త తగ్గినా కీచుమంటుంది.

రెండో భాగం అడాజియో, అంటే నెమ్మదిగా నడిచేది, దాని కోసం ఈ పెట్టె మొత్తం కొనొచ్చు. తీగవాద్యాలన్నిటికీ మ్యూట్ (నాదాన్ని మెత్తబరిచే చిన్న బిగింపు) పెట్టి వాయిస్తారు, వాటి మీద క్లారినెట్ పొడవైన పాట ఒకటి పాడుతుంది. మధ్యలోకి వచ్చేసరికి లయ పట్టు సడలిపోతుంది, క్లారినెట్ ఒక్కటే పైకీ కిందికీ పరుగులు పెడుతుంది, కింద నాలుగు తీగవాద్యాలూ వణుకుతూ ఉంటాయి. హంగరీ జిప్సీ వాద్యకారుల పద్ధతి అది. మన చెవికి మాత్రం తాళం లేని ఆలాపనలా అనిపిస్తుంది, రాగం పాడే మనిషి ఊపిరి తీసుకోవడానికి ఆగే చోట్లతో సహా. ఇక్కడా లైస్టర్ ఏడవరు. ఏడిపిస్తారంతే.

లోపాలు లేవని చెప్పను. మొదటి వయొలిన్ నార్బర్ట్ బ్రైనిన్ స్వరాన్ని బాగా ఊపుతారు, లైస్టర్ అసలు ఊపరు. ఒకే పాటని ఇద్దరూ వంతులవారీగా తీసుకున్నప్పుడు ఆ తేడా కొందరికి గుచ్చుకుంటుంది, మొదట్లో నాకూ గుచ్చుకుంది. మూడో భాగం మామూలుగానే ఉంది, దాని గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. రికార్డింగు 1967 నాటిది, కాబట్టి ఇప్పటి సీడీల్లా ప్రతి వాద్యమూ విడివిడిగా మెరవదు.

అయినా ఆ బ్రైనిన్ తేడా నాకు ఇప్పుడు ఇంకోలా వినిపిస్తోంది. అమడేయస్ నలుగురిలో ముగ్గురు, బ్రైనిన్, నిసెల్, షిడ్లాఫ్, హిట్లర్ కాలంలో వియన్నా వదిలి ఇంగ్లండుకు పారిపోయిన యూదులు. అక్కడ కూడా శత్రుదేశస్థులని నిర్బంధ శిబిరాల్లో పెడితే, ఆ రోజుల్లోనే ఒకరికొకరు పరిచయమయ్యారు. తర్వాత ఇంగ్లండువాడైన చెల్లో వాద్యకారుడు మార్టిన్ లవెట్ కలిశారు. అలాంటి మనుషులు జర్మన్ కంపెనీకి, బెర్లిన్ ఆర్కెస్ట్రా నుంచి వచ్చిన ముప్పై ఏళ్ల జర్మన్ వాద్యకారుడితో కలిసి కూర్చుని బ్రామ్స్ వాయించారు. అది తెలిశాక ఆ రెండు స్వరాలూ అచ్చంగా ఒకేలా ఉండాలని నేను ఎందుకు కోరుకోవాలి?

కలిసిపోవడం అనే మాట దగ్గర ఇంకొకటి చెప్పాలి. 1982లో కారయాన్ లైస్టర్ పక్కన మరో ప్రధాన క్లారినెట్‌గా జబీనె మాయర్ అనే యువతిని తీసుకోవాలన్నారు. ఆమె నాదం తమ విభాగంలో కలవదని ఆర్కెస్ట్రా వాళ్లు అభ్యంతరం చెప్పారు, ఓటింగులో 73 మంది వద్దన్నారు, నలుగురే కావాలన్నారు. ఆడవాళ్లు అప్పుడప్పుడే అడుగుపెడుతున్న ఆర్కెస్ట్రా అది, అందుకే ఆ కారణాన్ని నేను పూర్తిగా నమ్మలేను. ఆవిడ బయటికొచ్చి సోలో వాద్యకారిణిగా, అన్నయ్యతోనూ భర్తతోనూ కలిసి ట్రయో డి క్లారోనె అనే బృందంలోనూ చాంబర్ సంగీతంలో ఎక్కడికి చేరారో ప్రపంచమంతా విన్నది. ఇదే బ్రామ్స్ క్వింటెట్‌ని ఆవిడ ఆల్బన్ బెర్గ్ క్వార్టెట్‌తో కలిసి రికార్డు చేశారు, అదీ వినండి. ఇంకొంచెం వెచ్చగా, ఇంకొంచెం ముందుకొచ్చి ఊదుతారు. రెండూ ఉండాలి ఇంట్లో. ఒక్కటే కొనగలిగితే నేను లైస్టర్‌దే కొంటాను.

నాలుగో భాగం చిన్న పాట మీద ఐదు మార్పులు. అవి అయ్యాక, మొదటి భాగం మొదట్లో విన్న ఆ వయొలిన్ల పాట తిరిగి వస్తుంది. ఇయర్‌ఫోన్లలో కాకుండా గదిలో స్పీకర్ల మీద, రాత్రి వినండి, ఆఖరి స్వరాలు అంత మెత్తగా ఉంటాయి కాబట్టి ఫ్యాన్ కూడా ఆపాలి.

సీడీ ప్లేయర్ లేనివాళ్లకి స్ట్రీమింగులో దొరుకుతుంది. బ్రామ్స్, లైస్టర్ అని మాత్రమే కొడితే ఆయన తర్వాతి రోజుల్లో వేరే క్వార్టెట్లతో చేసిన రికార్డులు కూడా వచ్చేస్తాయి, అమడేయస్ పేరు కూడా కలిపి కొట్టండి.