బండ అరలా, ప్లైవుడ్ కప్‌బోర్డులా, బీరువానా: ఏది మేలు?

నల్లగొండలోనైనా పాలమూరులోనైనా కొత్త ఇల్లు కట్టుకున్నవాళ్ళు చివర్లో ఒక దగ్గర ఆగిపోతారు. స్లాబ్ పడింది, బండలు పరిచారు, రంగులు నడుస్తున్నాయి. మరి సామాను ఎక్కడ పెట్టాలి? పాత ఇళ్ళల్లో రాతిగోడ రెండడుగుల మందం ఉండేది కాబట్టి గూళ్ళు అందులోనే వచ్చేవి. బట్టలకు దండెం, సంచులకు చిలక్కొయ్య, పాలు పెరుగులకు ఉట్టి. ఇప్పటి గోడ తొమ్మిది అంగుళాలు, లోపలి గోడలైతే నాలుగున్నర. గూటికి చోటు లేదు కనుక అరలు విడిగా పెట్టుకోవాల్సిందే. మన దగ్గర దానికి మూడు దారులున్నాయి: తాండూరు లేదా కడప బండలతో అరలు, ప్లైవుడ్ కప్‌బోర్డులు, ఇనుప బీరువా.

ఏ దారి పట్టినా ముందు తేల్చుకోవాల్సింది లోతు. ఇల్లు గజిబిజి అయ్యేది అరలు చాలక కాదు, చాలాసార్లు అరలు మరీ లోతుగా ఉండి. రెండడుగుల లోతున్న వంటింటి అరలో ముందు వరుస డబ్బాలే చేతికొస్తాయి. వెనక వరుసలో ఏముందో దసరా సర్దుడు దాకా ఎవరికీ గుర్తుండదు, ఈలోపు అదే పప్పు మళ్ళీ కొంటారు. పప్పు డబ్బాలకు, పళ్ళేలకు 12 అంగుళాల లోతు చాలు. మడత బట్టలకు, చీరలకు 15 లేదా 16. హ్యాంగర్లకు తలుపుతో కలిపి 22 నుంచి 24 కావాలి. బొంతలకు, పరుపులకు తప్ప అంతకు మించిన లోతు ఇంకెక్కడా అక్కర్లేదు. అరకూ అరకూ మధ్య ఎత్తు మడత బట్టలకు 12 అంగుళాలు చాలు. అంతకన్నా ఎత్తు ఇస్తే దొంతర పెరుగుతుంది, కింది చొక్కా లాగితే పైవన్నీ పడిపోతాయి. బిందెలకు 20 అంగుళాలు వదలండి.

బండ అరలు

వికారాబాద్ జిల్లా తాండూరు పాలమూరుకు పక్కనే. మిర్యాలగూడ, సాగర్ వైపు వాళ్ళకు కృష్ణ అవతలి మాచర్ల బండ దగ్గర. ఇవన్నీ సున్నపురాయి జాతివే, నల్లని కడప బండ కూడా అంతే. కాల్చకుండా, జిగురు కలపకుండా గనిలో తీసి, కోసి, పాలిష్ పట్టేస్తే అర తయారు. గని తవ్వకం నేలకు మేలేమీ చేయదు, ఆ మాట దాచాల్సిన పని లేదు. కానీ బండ ఒకసారి ఇంట్లోకి వచ్చిందంటే దాన్ని పారేసే అవసరమే రాదు. ఇల్లు విప్పినా పశువుల కొట్టంలోకో, చేదబాయి గట్టు మీదికో పోతుంది.

కొనేటప్పుడు బండను నిలబెట్టి చిన్న సుత్తితో తట్టండి. ఖంగుమంటే మంచిది. మొద్దుగా మోగితే లోపల పొర విడిపోయి ఉంది, బరువు పెడితే అక్కడే విరుగుతుంది. మందం అంగుళం ఉండాలి. అంగుళం మందం బండ చదరపు అడుగుకు సుమారు 6 కిలోలు తూగుతుంది, అంటే మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు ఉన్న ఒక్క అర 28 కిలోల దగ్గర. ఆధారానికీ ఆధారానికీ మధ్య మూడడుగులు దాటనివ్వొద్దు. దాటితే మధ్యలో నిలువు బండ నిలపాలి. రెండు చివరలా కనీసం రెండంగుళాలు ఆనాలి. బట్టల అరకు రెండు వైపులా పాలిష్ పట్టించండి. అడుగు వైపు గరుకుగా వదిలేస్తే కింది అరలోని చీర పోగులు దానికి తగిలి లేస్తాయి. ముందు అంచు గుండ్రంగా గ్రైండింగ్ చేయించకపోతే వారానికో చెయ్యి గీసుకుంటుంది.

గోడలో గాడి కొట్టి బండ దించడం తొమ్మిది అంగుళాల గోడకే సరిపోతుంది. నాలుగున్నర గోడకు మూడంగుళాల గాడి పెడితే మిగిలేది అంగుళంన్నర. రెండో వైపు ప్లాస్టరింగ్ పగులుతుంది, ఒక్కోసారి ఇటుకే ఊడి బయటికొస్తుంది. అక్కడ నేల మీద నిలువు బండలు నిలిపి అడ్డబండలను వాటి మీద ఆనించాలి. పిల్లర్‌కు, బీమ్‌కు గాడి పెడతానంటే ఏ సుతారి (మేస్త్రి) మాటకూ ఒప్పుకోవద్దు. అతుకులకు సిమెంటు, ఇసుక 1:4 పాళ్ళలో కలిపి, వారం దాకా తడపాలి. ఈ తడిపే నీళ్ళ దగ్గరే మన జిల్లాల్లో పేచీ. ఉప్పెక్కువ ఉన్న బోరు నీళ్ళతో తడిపితే అతుకుల వెంట తెల్లటి పొర పొంగుతుంది. కుళాయి నీళ్ళు దొరికితే వాటితోనే తడపండి, లేకుంటే పొరను పొడి బ్రష్‌తో దులిపి తర్వాత రంగు వేయండి. ఆ తెలుపు పోవడానికి యాసిడ్ పోసేవాళ్ళున్నారు. సున్నపురాయి మీద యాసిడ్ పడితే నురగ కక్కుతుంది, పాలిష్ పోయి గరుకు మచ్చ మిగులుతుంది. చింతపండు పులుసు, నిమ్మరసం కూడా మెల్లగా అదే పని చేస్తాయి. అందుకే వంటింట్లో అరలకు బండ పర్వాలేదు గానీ, పొయ్యి గట్టుకు మాత్రం గ్రానైటే పెట్టుకోండి.

అర వెనక గోడకు సున్నం వేస్తే బట్టలకు అంటుతుంది. అక్కడ ఎమల్షన్ రంగు వేయించండి.

ఇక బరువు. ఆరడుగుల వెడల్పు, ఏడడుగుల ఎత్తు, అడుగున్నర లోతున్న బండ అల్మారాకు మూడు నిలువు బండలు, ఐదు వరుసల అరలు పడతాయి. మొత్తం 76 చదరపు అడుగుల పైమాట, అంటే 450 కిలోలు దాటుతుంది, అదీ సామాను పెట్టకముందు. ఇదంతా ఆనేది తొమ్మిది చదరపు అడుగుల నేల మీద. ఇళ్ళ స్లాబ్‌ను మామూలుగా చదరపు మీటరుకు 200 కిలోల వాడుక బరువు లెక్కన డిజైన్ చేస్తారు. ఈ అల్మారా ఒక్కటే చదరపు మీటరుకు 500 కిలోలు దాటుతుంది. కింది అంతస్తులో నేల మీదైతే చింత లేదు. మేడ మీద మాత్రం కింద బీమ్ ఉన్న చోట తప్ప పెట్టొద్దు, అక్కడ కూడా ఇల్లు డిజైన్ చేసిన ఇంజినీరును అడిగాకే. అరల రెండు చివరలూ తొమ్మిది అంగుళాల గోడల్లోకి దిగితే బరువు గోడల మీదికి పోతుంది, అది వేరే సంగతి.

తలుపులు పెట్టాలంటే బండకు రంధ్రాలు వేసి కీలు బిగించొద్దు, అంచు చిట్లుతుంది. ముందు భాగంలో గోడకు చెక్కతోనో అల్యూమినియంతోనో చౌకట్టు పెట్టించి తలుపు దానికి బిగించండి. బండలు చౌకట్టు కన్నా అంగుళంన్నర లోపలికి ఉంటే తలుపు తగలకుండా మూసుకుంటుంది. వేప చెక్కకు పురుగు తక్కువ, మన దగ్గర దొరుకుతుంది కూడా. కానీ బాగా ఆరిన చెక్క కాకపోతే మే నెల ఎండకు కుంచించుకుపోయి తలుపు వంకర పోతుంది. డబ్బు మిగల్చాలంటే పాత నూలు చీరతో కుట్టిన తెర వేయండి. ఎర్ర చెల్కల దుమ్ము ఎండాకాలంలో ఎంత పడుతుందో మీకు తెలుసు, తెర అయితే ఉతుక్కుంటారు.

ప్లైవుడ్

చూడ్డానికి దీన్ని మించింది లేదు. గోడ నిండా ఒకే రంగు, చప్పుడు లేని డ్రాయర్లు. మేడ మీది గదికి బరువు రీత్యా ఇదే నయం. ఆరు బై ఏడు అల్మారాకు 18 మిల్లీమీటర్ల షీట్లు ఐదు, వెనక పల్చనివి రెండు పడతాయి. షీట్ 8 బై 4, ఒక్కోటి 35 కిలోల దగ్గర.

చిక్కంతా చెదలతో, చెమ్మతో. చెద బండనూ ఎక్కుతుంది. ఎక్కేటప్పుడు మట్టి గొట్టం కట్టుకుంటూ వస్తుంది కాబట్టి బండ మీద కనబడుతుంది, చీపురుతో దులిపేసి మూలం వెతకొచ్చు. ప్లైవుడ్‌లో గోడకు, వెనక షీట్‌కు మధ్య ఎక్కుతుంది. పై పొర లామినేట్ నున్నగానే ఉంటుంది, లోపల చెక్క పొట్టవుతుంది. వేలితో నొక్కితే లోపలికి దిగినప్పుడు గానీ తెలియదు. ఎర్ర నేలలున్న పల్లెల్లో, కింది అంతస్తులో ఇది తరచూ జరిగేదే.

పెట్టించాలనే అనుకుంటే కొన్ని పట్టింపులు ఉండాలి. షీట్ మీద ముద్ర చూడండి. ఐఎస్ 303 ఎంఆర్ అంటే గాలిలోని చెమ్మకు మాత్రమే తట్టుకునేది, పడక గది లోపలి గోడకు చాలు. బీడబ్ల్యూఆర్ వేడి నీటికీ తట్టుకుంటుంది, వంటింటికి అదే కావాలి. ఐఎస్ 710 ముద్రది మెరైన్, సింక్ కింద పెట్టేది. ‘వాటర్ ప్రూఫ్’ అని దుకాణదారు నోటి మాట చెబితే ముద్ర చూపించమనండి. చెక్కపొట్టును జిగురుతో అదిమి చేసిన పార్టికల్ బోర్డు ఒకసారి నీళ్ళు తాగితే ఉబ్బిపోతుంది, మళ్ళీ తగ్గదు, స్క్రూ కూడా పట్టదు. తక్కువ ధర మాడ్యులర్ కిచెన్లలో చాలావాటికి లోపల ఉండేది అదే. కప్‌బోర్డు నేలకు ఆనకుండా కింద నాలుగంగుళాల బండ గట్టు కట్టించండి. కోసిన అంచులన్నీ, కనబడనివి కూడా, బ్యాండింగ్‌తో (అంచుకు అతికించే పట్టీతో) మూయించాలి. చెమ్మ దూరేది అక్కడి నుంచే. స్నానాల గదిని ఆనుకున్న గోడకు అసలు వద్దు.

కొత్త కప్‌బోర్డు తెరవగానే కళ్ళు మండితే అది జిగురులోంచి వచ్చే ఫార్మాల్డిహైడ్ అనే వాయువు. వేడి పెరిగితే జిగురు దాన్ని ఇంకా ఎక్కువ వదులుతుంది. అందుకే ఎండాకాలంలో పని చేయిస్తే నెల రోజులు తలుపులు, కిటికీలు తెరిచి పెట్టి ఆ తర్వాత బట్టలు సర్దండి. ఈ0 లేదా ఈ1 ముద్ర ఉన్న షీట్లకు ఈ వాసన తక్కువ. మిగిలిన ముక్కలను నీళ్ళ పొయ్యిలో పెట్టడం మన అలవాటు, మానండి. ఆ పొగలో జిగురు, ప్లాస్టిక్ పొర కాలిన విషం ఉంటుంది. పాతబడ్డాక ప్లైవుడ్‌ను పాత సామాన్లవాడు కూడా తీసుకోడు. పర్యావరణం లెక్కలో ఇది బండ కన్నా, ఇనుము కన్నా వెనకబడేది ఇక్కడే.

బీరువా

అద్దె ఇల్లయితే ఆలోచన అక్కర్లేదు, బీరువానే. ఇల్లు మారినప్పుడు వెంట వస్తుంది, చెద తినదు, పాతబడితే ఇనుము ధర వస్తుంది. గేజ్ అడిగి కొనండి. సంఖ్య తగ్గేకొద్దీ రేకు మందం. 22 గేజ్ బాగా నిలుస్తుంది, 24 అయితే తలుపు నొక్కితే లోపలికి పోయి టక్‌మంటుంది. అరలో బరువు పెట్టి చూడండి, మధ్యలో కుంగితే ఆ రేకు చాలదు.

తుప్పు మొదలయ్యేది కాళ్ళ దగ్గర, తడిబట్ట పెట్టిన ప్రతిసారీ. కాళ్ళ కింద రెండంగుళాల గ్రానైట్ ముక్కలు పెడితే ఏళ్ళు గడిచినా ఆ బాధ రాదు. లోపల రంగు లేచిన చోట చీరకు తుప్పు మరక అంటుతుంది, అది ఉతికితే పోదు. అర మీద పాత పంచె పరవండి. గద్వాల, నారాయణపేట, పోచంపల్లి పట్టు చీరలను నూలు గుడ్డలో చుట్టి, మూడు నెలలకోసారి మడత మార్చి పెట్టాలి. ఒకే మడత మీద ఉంచితే జరీ అక్కడే తెగుతుంది. నాఫ్తలీన్ గోళీలు జరీకి తగలనివ్వొద్దు. గొంగళ్ళకు మాత్రం పురుగు భయం ఎక్కువ. ఎండలో దులిపి, ఎండిన వేపాకు గుడ్డసంచిలో కట్టి మధ్యలో పెట్టండి, ఏడాదికోసారి ఆకు మార్చండి.

వాస్తు ప్రకారం బీరువా నైరుతిలో, ఉత్తరానికి తెరుచుకునేలా పెడతారు. నైరుతి మూల గోడలు మధ్యాహ్నం నుంచి పొద్దుగూకే దాకా ఎండ తాగుతాయి, ఇంట్లో అన్నిటికన్నా వేడెక్కే మూల అదే. అక్కడే పెట్టండి, మూఢమని తీసేయమనడం లేదు. గోడకు మూడంగుళాలు ఎడం వదలండి, మందులు మాత్రం అందులో దాచకండి.

ఏ గదికి ఏది

కింది అంతస్తు వంటింటికి, సామాను గదికి బండ అరలు. 12 అంగుళాల లోతు, కింది వరుస ఒక్కటి 20 అంగుళాల ఎత్తుతో, బియ్యం బస్తాకు, బిందెలకు. పడక గదిలో పట్టు చీరలకు, కాగితాలకు బీరువా ఒకటి, రోజువారీ బట్టలకు 16 అంగుళాల బండ అర మీద తలుపు. మేడ మీద పిల్లల గదికి లోపలి గోడకు బీడబ్ల్యూఆర్ ప్లైవుడ్. మూడూ ఒకే ఇంట్లో కలిపి వాడుకోవడంలో సిగ్గేమీ లేదు, అన్నీ ఒకే రంగులో ఉండాలన్న పట్టుదలే ఖర్చు పెంచుతుంది.

సజ్జ గురించి ఒక్క మాట. ప్రతి గదికీ సజ్జ కట్టించడం మన దగ్గర ఆనవాయితీ. స్లాబ్ కింద ఏడడుగుల ఎత్తులో, ఇంటి మొత్తంలో వేడి అక్కడే. ప్లాస్టిక్ డబ్బాలు పెళుసవుతాయి, పచ్చడి జాడీల నూనె ముక్కిన వాసన కొడుతుంది, ఎలుకలకు మాత్రం పండుగ. ఇంటికి ఒక్క సజ్జ చాలు. పెండ్లిలో వచ్చిన స్టీలు సామాను, బతుకమ్మ తాంబాళాలు, చలికాలంలో కూలర్. కూలర్‌ను ఎత్తే ముందు నీళ్ళన్నీ వదిలి, పక్కల గడ్డి తీసేసి, రెండు రోజులు ఎండబెట్టండి. తడి గడ్డితో ఎక్కిస్తే ఫిబ్రవరిలో దించేసరికి అడుగు రేకు చిల్లులు పడి ఉంటుంది.