నల్లమల సైకిల్ రైడ్ పోస్టరు చూసి డబ్బులు కట్టబోతున్నారా? ముందు ఇది చదవండి

వానలు పడ్డాయో లేదో, ‘నల్లమల మాన్‌సూన్ ట్రైల్ రైడ్’ అనే పోస్టరు మహబూబ్‌నగర్, కల్వకుర్తి, దేవరకొండ వాట్సాప్ గ్రూపుల్లో మళ్లీ తిరుగుతోంది. పోయిన చలికాలంలో ఇదే మనిషి, ఇదే ఫొటోతో, మాన్‌సూన్ బదులు వింటర్ అని పెట్టి మా దగ్గర డబ్బులు తీసుకున్నాడు. పేరు రాయను. ఆ పోస్టరు మీ ఫోన్లోకి వస్తే మీకే తెలిసిపోతుంది.

తలకు 2,800 రూపాయలు. గేర్ల మౌంటెన్ బైకు, హెల్మెట్, పొద్దున టిఫిన్, గైడు, ‘ఫారెస్ట్ పర్మిషన్’ అన్నీ అందులోనే అన్నాడు. పులులు తిరిగే అడవిలో సన్నటి కాలిబాట మీద స్వారీ అనేసరికి మా ఆఫీసు కుర్రాళ్లు, మా బామ్మర్ది ఎగిరి గంతేశారు. పోస్టరు మీద ఫొటో చూడండి: నిటారుగా పైన్ చెట్లు, కింద పచ్చటి నాచు. మన నల్లమల టేకు, నల్లమద్ది, ఇప్ప, వెదురు పెరిగే, ఎండాకాలం ఆకు రాల్చే అడవి. ఆ ఫొటో ఏ దేశానిదో గానీ, రైడు అన్న మన నల్లమలలోని అమ్రాబాద్ అడవిది మాత్రం కాదు.

సైకిళ్లను డీసీఎంలో వేసుకొని, మమ్మల్ని వెనకాల కార్లలో రమ్మన్నాడు. శ్రీశైలం రోడ్డులో రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా అడవి గుండా బండ్లు పోనివ్వరు కాబట్టి, మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర గేటు తెరిచేదాకా చలిలో నిలబడ్డాం. గేటు దగ్గర బండికి ఫీజు కట్టించుకొని రసీదు ఇస్తారు, శ్రీశైలం పోయినవాళ్లందరికీ తెలిసిందే. ఆయన ఆ రసీదు చేతిలో పట్టుకొని వచ్చి, “పర్మిషన్ అయిపోయింది అన్నా, ఇగ నడువుండ్రి” అన్నాడు.

అసలు మోసం ఇక్కడే ఉంది, గుర్తు పెట్టుకోండి. ఆ రసీదు బండి రోడ్డు మీద పోయినందుకు కట్టేది. అడవి లోపలికి పోవడానికి దానికీ సంబంధం లేదు. అమ్రాబాద్ టైగర్ రిజర్వు విస్తీర్ణం 2,600 చదరపు కిలోమీటర్ల పైనే, అందులో పెద్ద భాగం కోర్ ఏరియా, అంటే పులుల కోసం గట్టిగా కాపాడే లోపలి అడవి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అభయారణ్యంలోకి అనుమతి లేకుండా పోవడమే నేరం. నడిచి పోయినా, సైకిల్ మీద పోయినా అంతే. ఫరహాబాద్ వ్యూపాయింట్ చూడాలన్నా అటవీశాఖ సఫారీ బండిలోనే పోవాలి.

హైవే నుంచి ఒక బండ్లబాటలోకి తిప్పి సైకిళ్లు దింపారు. గట్టిగా తొక్కకముందే మోటరు సైకిల్ మీద ఇద్దరు అటవీ సిబ్బంది ఎదురొచ్చారు. మనవాడు ఆ రసీదే తీసి చూపించాడు. అందులో పెద్దాయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, “ఇది కారుకు గట్టినది గదా. మనుషులకు రాసిచ్చిన కాగితమేది?” అని అడిగాడు. మనవాడు ఫోను చెవికి పెట్టుకొని పక్కకు జరిగాడు. ఎవరితో మాట్లాడాడో తెలియదు, మాకు ఒక్క ముక్క చెప్పలేదు. మా పేర్లు, ఫోన్ నంబర్లు రాసుకున్నారు. మా బామ్మర్ది సర్కారు బడిలో టీచరు. కేసు అంటే ఉద్యోగానికి ఏమవుతుందోనని వాడికి ఒకటే టెన్షన్. చివరికి మందలించి వెనక్కి పంపారు. వాళ్ల వెంట ఉన్న చెంచు వాచరు మాత్రం నెమ్మదిగా ఒక మాటన్నాడు: “గీ దిక్కు గుడ్డెలుగు దిరుగుతున్నది సారూ. మీ సైకిళ్లు సప్పుడు జెయ్యవు. మలుపులో ఎదురువడితే దానికీ తెల్వదు, మీకూ తెల్వదు.”

ఆ మాట విలువ మా గైడు చెప్పిన సోదంతటికన్నా ఎక్కువ. నడిచేవాడి మాటలు, అడుగుల చప్పుడు దూరం నుంచే జంతువుకు వినిపిస్తాయి, పక్కకు తప్పుకొంటుంది. సైకిల్ వేగంగా, చప్పుడు లేకుండా మీదికి వస్తుంది. ఉలిక్కిపడిన ఎలుగుబంటి పారిపోవడం కన్నా మీద పడడమే ఎక్కువ. ఇప్పపూలు రాలే కాలంలో అవి చెట్ల కిందనే తచ్చాడుతుంటాయి. ఆ గైడు దగ్గర ఒక విజిల్ కూడా లేదు.

తర్వాత అచ్చంపేట వైపు కిందికి దింపి, పొలాల మధ్య మట్టి బాటలో తొక్కించాడు. రైడు అయిపోయిందనిపించుకోవాలి గదా. సైకిళ్ల అసలు రంగు అక్కడ బయటపడింది. ముందూ వెనకా సస్పెన్షన్ (కుదుపులు తగ్గించే స్ప్రింగులు) ఉంది కాబట్టి ‘ప్రొఫెషనల్ బైకు’ అని చెప్పాడు. నిజం వేరే. తక్కువ ధరలో రెండు సస్పెన్షన్లు పెడితే బరువు పెరుగుతుంది, వెనక కీళ్లు తొందరగా లూజవుతాయి. ఎక్కుడు వస్తే మన బలం సగం ఆ వెనక స్ప్రింగును నొక్కడానికే సరిపోతుంది. ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కులో ఉత్త స్ప్రింగే తప్ప దాని దూకుడును ఆపే ఏర్పాటేమీ లేదు, గుంతలో దిగితే ఎగిరి తంతుంది. నా సైకిల్ ముందు బ్రేకు లివరు హ్యాండిల్ గ్రిప్పుకు ఆనేదాకా నొక్కినా చక్రం తిరుగుతూనే ఉంది. వంగి చూస్తే డిస్కు మీద చైను నూనె మరకలు, ప్యాడ్లు అరిగి ఇనుము కనబడుతోంది. ఫ్రేమ్ అడుగున బురద తుడిస్తే చిన్న స్టిక్కరు బయటపడింది: మామూలు రోడ్డు మీద వాడడానికి మాత్రమే. హెల్మెట్ లోపలి థర్మాకోల్ నా చేతిలోనే రెండు ముక్కలుగా విరిగింది.

ఒకాయన టైరులో తుమ్మ ముల్లు దిగింది. పంపు లేదు, స్పేర్ ట్యూబు లేదు. నయం, ట్యూబుకు మోటరు సైకిల్ లాంటి వాల్వ్ ఉంది కాబట్టి ఊళ్లో పంక్చరు షాపులో అతుకు వేసి గాలి కొట్టారు. (మంచి బైకుల్లో సన్నటి ప్రెస్టా వాల్వ్ ఉంటుంది. సొంత బైకు ఉన్నవాళ్లు దాని అడాప్టరు జేబులో పెట్టుకోండి, లేకపోతే ఊళ్లలో గాలి పట్టదు.) టిఫిన్ సంగతి వదిలేయండి.

డబ్బులు వాపసు అడిగితే, అధికారులు ఆపితే తమ బాధ్యత లేదని సాయంత్రం మెసేజ్ పెట్టాడు. కట్టించుకునేటప్పుడు ఆ షరతు ఎక్కడా లేదు. పైగా వచ్చే రైడుకు కూపన్ ఇస్తానన్నాడు. డబ్బులు తీసుకున్నది సొంత ఫోన్ నంబరు మీద, బిల్లు ఇవ్వలేదు. బిల్లు ఇవ్వకపోవడం కూడా 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతే.

ఇప్పుడు తిరుగుతున్న పోస్టరు సంగతి ఇంకా అన్యాయం. వానాకాలంలో అటవీశాఖ సఫారీనే మూసేస్తారు, జంతువులు జతకట్టి పిల్లల్ని కనే కాలమని. శాఖ సొంత బండే పోని రోజుల్లో ఈయన మనల్ని సైకిళ్ల మీద ఎట్లా తీసుకుపోతాడు? కాబట్టి అడ్వాన్స్ అడిగితే, మీ పేర్లతో అటవీశాఖ ఇచ్చిన అనుమతి కాగితం ఫొటో పంపమనండి. తారీఖు, ఏ బాట, ఎంతమంది అన్నది అందులో ఉండాలి. “పోయినంక చూపిస్తం”, “మనోళ్లే ఉన్నరు” అంటే అక్కడికక్కడే వదిలేయండి. అనుమానం ఉంటే మన్ననూరులోని అటవీశాఖ ఆఫీసులో అడగండి, చెప్తారు. సైకిల్ కంపెనీ, మోడల్ పేరు రాసి పంపమనండి. ముందు మాత్రమే సస్పెన్షన్ ఉండి బ్రేకులు గట్టిగా పట్టేది, రెండు సస్పెన్షన్ల డొక్కు కన్నా వెయ్యి రెట్లు మేలు.

మట్టిలో తొక్కాలనే సరదాకు పులుల అడవే కావాలని లేదు. దేవరకొండ గుట్ట చుట్టుపక్కల, కోయిలకొండ దిక్కు ఊళ్ల మధ్య చలక నేలల్లో బండ్లబాటలు, చెరువు కట్టలు, మధ్యలో బండరాళ్లు చూసుకున్నంత ఉన్నాయి. కంచె వేసిన చోటు, అటవీ హద్దు రాయి దాటకుండా, పొలం వాళ్లను ఒక మాట అడిగి పోతే చాలు. వాన పడ్డ మర్నాడు మాత్రం రేగడి నేలల జోలికి పోవద్దు. మట్టి టైరుకూ ఫోర్కుకూ మధ్య ఇరికి చక్రం తిరగనే తిరగదు, భుజాన వేసుకొని మోయాల్సిందే.

ఈ పాటికే అడ్వాన్స్ కట్టినవాళ్లు పోస్టరు, చాటింగ్, డబ్బు పంపిన స్క్రీన్‌షాట్లు దాచుకోండి, వాళ్లు మెసేజ్‌లు డిలీట్ చేస్తారు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. మేము చేశాం, ఫిర్యాదు నంబరు వచ్చింది, ఆయన నుంచి జవాబు మాత్రం రాలేదు. అందుకే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు పోతున్నాం. మనం ఉండే జిల్లాలోనే వేయొచ్చు, ఐదు లక్షల లోపు విషయాలకు ఫీజు లేదు, వకీలు లేకుండా మనమే మాట్లాడుకోవచ్చు. ఒకే రకంగా నష్టపోయినవాళ్లు కమిషన్ అనుమతితో కలిసి ఒకే ఫిర్యాదు వేయడానికి కూడా చట్టంలో వీలుంది. ఈయన రైడుకు డబ్బులు కట్టి ఇట్లాగే వెనక్కి వచ్చినవాళ్లు ఉంటే నాకు మెసేజ్ పెట్టండి. కాగితాలు సిద్ధం చేస్తున్నాం, మీవి కూడా జత చేస్తాం.